ఆ కాగితం ఆమెదే, డీజీపీ గారూ

తెలంగాణ డీజీపీ గారికి,

ఈ లేఖకు కారణం ఠాణాలో ఒక రైటర్ నోట వచ్చిన మాట. భర్త కొట్టిన దెబ్బలకు మణికట్టు వాచిపోయిన ఒకామె ఫిర్యాదు ఇచ్చి, ఆ తర్వాత ఎఫ్ఐఆర్ కాపీ అడగడానికి మళ్లీ వెళ్లింది. ఆయన తలెత్తకుండానే, "సుప్రీంకోర్టే రెండు నెలలు ఆగమన్నదమ్మా. అప్పటిదాంక కాపీ గీపీ ఏం లేదు. పెద్దమనుషుల్ని పిలిపించుకొని మాట్లాడుకోండి" అన్నాడు. ఏ ఠాణా అనేది ఇక్కడ అనవసరం. పేరు రాస్తే ఆయనకో మెమో, ఆమెకు నాలుగు చీవాట్లు. అంతకుమించి ఏం జరగదో మీకూ తెలుసు.

సుప్రీంకోర్టు ఆగమన్నది దేన్ని? భార్యపై క్రూరత్వం కేసుల మీద అలహాబాద్ హైకోర్టు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2025 జూలైలో ఖాయం చేసింది. రెండు నెలలు అరెస్టులు వద్దు, ఈలోగా కుటుంబ సంక్షేమ కమిటీ మాట్లాడాలి అన్నది వాటి సారం. ఇలాంటి కమిటీలనే 2017లో పెట్టమని, 2018లో వద్దని చెప్పింది కూడా అదే కోర్టు. ఆ చర్చ న్యాయవాదులకు వదిలేద్దాం. అయితే ఆ రెండు నెలల లెక్క మొదలయ్యేదే ఎఫ్ఐఆర్ నమోదయ్యాక. నమోదు చేయొద్దనిగానీ, చేసిన కాగితాన్ని బాధితురాలికి ఇవ్వొద్దనిగానీ తీర్పులో ఏ పేజీలో ఉందో ఆ రైటర్ చూపించగలడా?

చట్టమైతే తేటగానే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నమోదైన సమాచారం కాపీని ఫిర్యాదుదారుకు లేదా బాధితురాలికి వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలో ఫిర్యాదుదారుకు మాత్రమే ఉన్న ఈ హక్కులోకి బాధితురాలిని కొత్తగా చేర్చారు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ప్రాథమిక విచారణకు వీలుంది, నిజమే. దానికీ డీఎస్పీ అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగించాలి. ఈమె ఫిర్యాదుపై అలాంటి అనుమతి ఉందా? ఉంటే ఆ ముక్క ఆమెకు ఎందుకు చెప్పలేదు? ప్రాథమిక విచారణ చేసి ఫిర్యాదును మూసేస్తే, ఆ నమోదు కాపీని కారణాలతో సహా వారంలోపు ఇవ్వాలని 2013లో లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆమె చేతికి అదీ రాలేదు. మిగిలిందల్లా స్టాంపు కూడా లేని ఒక రసీదు, దాని మీద బాల్‌పెన్నుతో రాసిన తేదీ.

అసలు చోద్యం ఇంకొకటుంది. నిందితుడు దరఖాస్తు పెడితే ఎఫ్ఐఆర్ కాపీ 24 గంటల్లో ఇవ్వాలని 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే, అది అతని హక్కు. కానీ అతని వకీలు ఒక దరఖాస్తుతో తెచ్చుకునే కాగితం కోసం దెబ్బలు తిన్న మనిషి బెంచీ మీద పడిగాపులు కాయడమేమిటి? పైగా ఆ కాగితంలో ఆమె ప్రస్తుతం తలదాచుకున్న చిరునామా ఉంటే ఎలా? ఫిర్యాదులో ఆమె రాసిన ఫోన్ నంబరు భర్త పేరుతో తీసుకున్న సిమ్. ఆ ఫోను ఇప్పుడు అతని దగ్గరే ఉంది. "మెసేజ్ వస్తదమ్మా" అని పంపేసేవాళ్లు ఆ మెసేజ్ ఎవరు చదువుతారో ఒక్కసారైనా ఆలోచించారా?

మహిళల భద్రత కోసం మీ శాఖలోనే 2014లో షీ టీమ్స్ వచ్చాయి, 2016లో భరోసా కేంద్రం వచ్చింది. వాటిలో పనిచేసే కొందరు మహిళా సిబ్బంది సొంత అక్కచెల్లెళ్లలా చూసుకుంటారన్న మాటా వాస్తవమే. మరి ఆ మర్యాద ఠాణా గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? రక్షణ అధికారి గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి బాధితురాలికి చెప్పి తీరాలని 2005 గృహహింస చట్టం ఐదో సెక్షన్ పోలీసులకే విధి పెట్టింది. ఆమెకు చెప్పింది మాత్రం "కేసైతే సంసారం ఖతమైతది" అని. కౌన్సెలింగ్ పేరుతో ఈ మాట ఎన్నేళ్లుగా వింటున్నాం!

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింస అనుభవించిన మహిళల్లో సాయం కోరినవారు దేశం మొత్తం మీద 14 శాతమే. ఆ కొద్దిమందిలోనూ పోలీసుల దాకా వచ్చేవాళ్లు బహు తక్కువ. అలా వచ్చినవాళ్లను రేపు రా, ఎల్లుండి రా అంటూ తిప్పితే మిగతావాళ్లు ఏం నేర్చుకుంటారు?

జీవనభృతికి కోర్టుకెక్కాలన్నా, గృహహింస చట్టం కింద దరఖాస్తు వేయాలన్నా వకీలు మొదట అడిగేది ఆ కాపీనే. డీజీపీ గారూ, కొత్త యాప్ వద్దు, మరో ప్రారంభోత్సవమూ వద్దు. ఎఫ్ఐఆర్ కాపీ ఠాణా దయాదాక్షిణ్యం కాదని మీ కింది సిబ్బందికి అర్థమయ్యేలా చెప్పండి. సర్క్యులర్‌తో చెబుతారో, ఇంకెలా చెబుతారో మీ ఇష్టం.