బోల్తాపడుట ముందుగా నేర్పవలెను

2017 నవంబరులో, కార్తికమాసపు ఆదివారమున, కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము ఫెర్రీ వద్ద, పవిత్రసంగమమునకు సమీపమున, విహారపు పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయినప్పుడును, 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరి అంతకు మించిన ఘోరమును చూపినప్పుడును, మనము అధికారులను నిందించితిమి, అనుమతిపత్రములను గూర్చి వాదించితిమి. ఆపైన నదియన్నచో భయపడుటను పిల్లలకు మునుపటికన్న శ్రద్ధగా నేర్పితిమి. నీటిలో పడినవాడు మొదటి నిమిషమున ఏమి చేయవలెనో, పడవ ఒరిగినప్పుడు తన బరువును ఏ వైపునకు మార్చుకొనవలెనో, లైఫ్ జాకెట్టు పట్టీలను ఎంత బిగువుగా కట్టుకొనవలెనో, ఇవి మాత్రము మన బడులలో పాఠములు కాలేదు.

తెరచాప పడవల క్రీడలో తొలిపాఠమే బోల్తాపడుట. శిక్షకుడు పిల్లవానిచేత పడవను కావలెననియే తిరుగవేయించును. పిల్లవాడు మునిగి, తేలి, బోర్లపడిన పడవను చుట్టి ఈది, దాని అడుగునుండి పొడుచుకొనివచ్చిన పలకపై తన బరువంతయు మోపి, దానిని మరల నిలువబెట్టి, లోనికి ప్రాకి, డబ్బాతో నీరు తోడిపోసి, విడిచిన త్రాటిని తిరిగి చేతబట్టును. ఇట్లు పలుమారులు జరిగిన పిదప వానికి నీటియెడ మిగులునది జాగ్రత్త, భీతి కాదు. ఈ రెంటికిని గల అంతరమును ఉపన్యాసములు నేర్పలేవు.

ఈ క్రీడాక్రమమున నేడు అగ్రస్థానమున నున్నది నీటిని విడిచి ఎగురు చిన్నపడవ. ఫాయిలింగ్ డింగీ యని దానిని వ్యవహరింతురు. పడవ అడుగునుండి ఒక నిలువుపలక నీటిలోనికి దిగును; దాని చివర విమానపు రెక్కను పోలిన అడ్డురెక్క యుండును; చుక్కానికిని అట్టిదే మరొకటి. నీరు గాలికన్న సుమారు 800 రెట్లు సాంద్రమగుటచే, ఆ చిన్నరెక్క, పడవ కొంత వేగమందుకొనగానే, దానిని మనిషితోసహా పైకెత్తివేయును. ముక్కునుండి ఒక సన్నని కఱ్ఱ నీటిమీదికి వ్రేలాడుచు, అంధుని చేతికఱ్ఱ దారిని తడవినట్లు అలలను తడవుచుండును. పడవ మరీ దిగినచో నీరు ఆ కఱ్ఱను వెనుకకు నెట్టును, దానికి తగిలించిన కడ్డీ, రెక్క వెనుకనున్న మడతపలకను క్రిందికి వంచును, ఎత్తుబలము పెరుగును. పడవ మరీ లేచినచో కఱ్ఱ ముందుకు జారును, పలక పైకి తిరుగును, బలము తగ్గును. ఇందులో ఇంజను లేదు, విద్యుత్తు లేదు. నడుపువాడు అంచున గాలివైపునకు వెనుకకు వాలి వ్రేలాడుచు, ఒకచేత తెరచాప త్రాటిని, రెండవచేత చుక్కాని పిడిని పట్టుకొని, క్షణక్షణము తన దేహమును సవరించుకొనుచు, గంటకు 40 కిలోమీటర్లకు మించిన వేగమున సాగును. ఒక్క పొరపాటు జరిగెనా, ఎగిరి నీటిలో పడును. ఎంతటి నేర్పరియైనను ఈ విద్యలో తొలిదినములను పడుటయందే గడపవలెను.

ఇది ధనవంతుల ఆటవస్తువని కొందరందురు. దీని చరిత్ర వేరుగా నున్నది. నీటిరెక్కల పడవను ఇటలీలోని మజ్జోరే సరస్సుపై ఎన్రికో ఫోర్లానిని 1906లోనే నడిపెను. కాని అది ఇంజనుతో నడచినది. గాలితో నడచు చిన్నపడవకు రెక్కలు నిలుకడగా కుదిరినది ఔత్సాహికుల చేతులలోనే. 1928లో ఆస్ట్రేలియాలోని ఇన్వర్లాక్ అను చిన్నయూర లెన్ మోరిస్ కట్టిన పడవనుండి మాత్ అను తరగతి పెరిగినది. పొడవు 3.355 మీటర్లకు మించరాదనుట మొదలైన కొన్ని హద్దులుంచి, తక్కినదంతయు కట్టువాని బుద్ధికి విడిచిన తరగతి యది. ఈ శతాబ్దపు తొలియేండ్లలో పెర్త్ నగరపు ఇలెట్ సోదరులు దానికి రెక్కలమర్చిరి. 2005 ప్రపంచపోటీలో రోహన్ వీల్ ఆ రెక్కలతోనే గెలిచెను. అమెరికాస్ కప్ అను తెరచాప నౌకల పందెము కొఱకు 72 అడుగుల మహానౌకలు శాన్‌ఫ్రాన్సిస్కోలో నీటిపై లేచిపోవుట 2013 నాటి మాట. చిన్నపడవ ముందు లేచినది, పెద్దపడవ తరువాత లేచినది. నేడు ఒలింపిక్ క్రీడలలోను రెక్కల పడవలును, రెక్కల పలకలును చోటుచేసుకొన్నవి.

అయినను వెలమాట వాస్తవము. ఇట్టి పడవ ఖరీదు కారు ఖరీదుతో సమానమగును. ఎండకు మామిడిపండ్లు మాగు మా తిరువూరులో ఏ తల్లిదండ్రులును దానిని పిల్లవానికి కొనియీయజాలరు. కనుకనే అది ఒకరి సొత్తుగాక సంఘపు సొత్తుగా నుండవలెనని నా వాదము. 2016లో ఆండ్రూ మెక్‌డూగల్ రూపొందించిన వాస్ప్ అను పడవ ఈ యుద్దేశమునకు తగినది: అన్నియు ఒకే అచ్చున తయారగును గనుక, పోటీలో గెలుపు డబ్బుసంచిని బట్టిగాక నడుపువాని నేర్పును బట్టి నిర్ణయమగును.

సముద్రమునకు దూరమైన ఊళ్ళకు తెరచాపలతో పనియేమని అడుగువారికి భోపాలు సమాధానము చెప్పుచున్నది. మధ్యప్రదేశమునకు సముద్రతీరమే లేదు. ఆ రాష్ట్రపు దేవాస్ జిల్లా రైతుబిడ్డ నేహా ఠాకుర్, భోపాలు పెద్దచెరువుపై శిక్షణపొంది, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో బాలికల డింగీ పోటీయందు రజతపతకము గెలిచినది. మనకింకను దగ్గరి నిదర్శనము హుస్సేన్‌సాగరము. కుతుబ్‌షాహీల నాడు, 16వ శతాబ్దమున త్రవ్వించిన ఆ చెరువుపై సైనికాధికారులు దశాబ్దములుగా, ఒక్కరే నడుపు లేజర్ పడవల పందెములు నడుపుచున్నారు. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదకుటుంబముల పిల్లలను చేరదీసి, ఆప్టిమిస్ట్ అను చిన్నపడవలలో కూర్చుండబెట్టినది. అక్కడ నేర్చిన కొంగర ప్రీతి అదే హాంగ్‌ఝౌలో భారతదేశము తరఫున 470 అను ఇద్దరి పడవ తరగతిలో పోటీపడినది. మురికినీటి చెరువుపై, అపార్టుమెంట్ల నడుమ దారితప్పి వచ్చు గాలిలో ఇంత సాధ్యమైనచో, కృష్ణానదిపై ఎంత సాధ్యమో యోచింపుడు.

1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజి ఎగువన, సంగమమువరకు, విశాలమైన నిలువనీరున్నది. తిరువూరునుండి బస్సులో రెండుగంటల ప్రయాణము. 2018 నవంబరులో ఆ నీటిపైననే ప్రపంచపు పవర్‌బోట్ పోటీలు మూడు దినములు జరిగినవి. ఇంజన్ల హోరు విజయవాడ యంతయు విన్నది, జనము తీరమున బారులు తీరినది. ఆ వేడుకను నేను నిందింపను. కాని ఒడ్డున నిలిచి చూచిన పిల్లవానికి మరునాడు ఎక్కుటకు ఒక పడవ యుండవలసినది. ప్రజాధనముతో క్రీడ నడుపునప్పుడు ప్రేక్షకుల సంఖ్యను గాక, నేర్చినవారి సంఖ్యను లెక్కింపవలెనని నా దృఢాభిప్రాయము.

ఆ నీటి ఒడ్డున పిల్లలకు నేర్పుటకు మహాభవనములు అక్కఱలేదు. ఒక రేకులషెడ్డు, కొన్ని ఆప్టిమిస్టులు, కొన్ని లేజర్లు, శిక్షకునికి ఒక రక్షకపు మోటారుబోటు, అందఱికిని లైఫ్ జాకెట్లు. వీనితోపాటు రెక్కల పడవ ఒకటి. తిరువూరు, మైలవరము, నందిగామ ప్రభుత్వపాఠశాలలనుండి ఈత వచ్చిన పిల్లలను సెలవుదినములలో తీసికొనివచ్చి, ఈత రానివారికి ముందుగా ఈత నేర్పి, ప్రతి ఆదివారమును పందెము పెట్టవలెను. తేలికగాలిలో మూడు బోయాల చుట్టు తిరిగివచ్చు ఆ వారపు పందెమే అసలైన శిక్షణ. ఒంటరిగా నెలలు తిరిగినను పట్టుబడని గాలిమర్మము, ముందుపోవు పడవను దాటవలెనను పట్టుదలతో ఒక్క మధ్యాహ్నమున బోధపడును. రెక్కల పడవను చూచుటకు అందఱిని రానీయవలెను. ఎక్కుటకు మాత్రము లేజర్లో స్థిరపడినవారినే అనుమతింపవలెను. ఆశపెట్టి నిలుపుటకే అది ఆ షెడ్డులో నుండవలెను.

రెక్కల పడవకు మీటరు పైచిలుకు లోతైన శుభ్రజలము కావలెను. గుర్రపుడెక్క తీగ యొకటి రెక్కకు చుట్టుకొన్నను, ప్లాస్టిక్ సంచి యొకటి నిలువుపలకకు తగులుకొన్నను, ఎగురుచున్న పడవ ఆగినట్లై, నడుపువాడు త్రాళ్ళమీదికి విసరివేయబడును. ఈ పడవకై నీటిని శుభ్రముగా నుంచుట మనకును మేలే. సాధారణముగా నడివానకాలమున వరదవచ్చి బ్యారేజి గేట్లెత్తినప్పుడు ఏ పడవయు నదిలోనికి దిగరాదు. కాని అంతకుముందు నైఋతిగాలులు వీచు దినములు కొన్ని మనకు దొరకును. హైదరాబాదువారు రెగట్టా యను తమ పడవపందెములను జూలైలో జరుపుట ఆ గాలి కొఱకే. జలవనరులశాఖవారు నీటిమట్టములను ముందుగా తెలిపి, క్రీడాశాఖవారు షెడ్డునకు స్థలము చూపినచో, రాబోవు జూన్‌లో బడులు తెరచిన వెంటనే తొలితరగతి ప్రారంభము కావచ్చును. తిరువూరునుండి ఆ బస్సునకు పిల్లలను కూడగట్టు భారమును మాయూరి ఉపాధ్యాయులును, నేనును వహింతుము.