నిలుచుట నేర్చిన పిమ్మటనే పిడికిలి

నా బాల్యమున వ్యాయామము నేర్పిన శిక్షకుడొకరు “ఇంకను క్రిందికి, ఇంకను క్రిందికి” అని మమ్ము వంచెడివారు. తొడలు వణకుచుండ నేనును వంగితిని. పాదములు ప్రక్కలకు తిరిగినవి. మోకాళ్లు లోనికి వాలినవి. పిమ్మట నెల దినములు మెట్లెక్కుట కష్టమయ్యెను. కరాటే నేర్చుకొను బాలబాలికలను చూచినపుడెల్ల నాకు ఆ మెట్లే జ్ఞప్తికి వచ్చుచుండును.

కరాటే ఒకినావా ద్వీపమున పెరిగిన విద్య. గిచిన్ ఫునకోషి 1922లో దానిని టోక్యో నగరమున ప్రదర్శించెను. చూచువారికి పిడికిలియే కనబడును గాని, దెబ్బకు బలము పాదముననే పుట్టును. గడ వేయు పడవవానిని చూడుడు. గడను పట్టునవి చేతులే యైనను, పడవను నడుపునది అతని కాళ్ల ఊతయే. అట్లే ‘జెన్‌కుత్సు’ అను నిలుకడలో ముందుకాలు వంగియు, వెనుకకాలు చాచియు నుండును. వెనుక పాదము నేలను నెట్టగా నేల తిరిగి నెట్టును. ఆ బలము తుంటి మీదుగా మొండెమునకును, అచటినుండి పిడికిలికిని చేరును.

కాళ్లు ఎడమైనకొలదియు, శరీరభారము క్రిందికి దిగినకొలదియు మనిషిని పడద్రోయుట కష్టము. కాని అడుగు కదల్చుటయు ఆ మేరకు ఆలస్యమగును. కావున లోతే గొప్ప యనుట సరికాదు. మరియొక సంగతి. తుంటికీలు గిన్నెలోని గుండువలె పలువైపుల తిరుగును; మోకాలన్ననో ముఖ్యముగా తలుపుబందువలె ముడుచుకొని విచ్చుకొనునదే. తుంటి తిరుగగలిగిన మేరను మించి పాదమును త్రిప్పినచో, ఆ మెలి మోకాటిపై బడును.

ఇది మన సీమకు క్రొత్తమాట కాదు. బందరునకు సమీపమున నున్న కూచిపూడి పేరు దాల్చిన నాట్యమున అరమండి కలదు. అందు తొడలను తుంటినుండి విప్పి, మోకాళ్లను కాలివ్రేళ్ల దిక్కున నిలుపవలెను. నాట్యశాస్త్రము చెప్పిన ఆరు స్థానములలో ఆలీఢము విలుకాని నిలుకడయే. నర్తకికైనను యోధునికైనను శరీరధర్మ మొక్కటియే గదా!

కావున శిక్షకులు నిలుకడను లోతుచే గాక, మోకాలు వ్రేళ్ల దిక్కున నున్నదా లేదా యను దానిచే కొలువవలెనని నా మనవి. ఎదుగు పిల్లల కాళ్లకు బలము క్రమముగా రావలసినదే, బలవంతముచే రాదు. తలిదండ్రులు “ఏ రంగు బెల్టు వచ్చినది?” అని అడుగుటకు ముందు “మోకాలు నొచ్చినదా?” అని అడుగుదురు గాక. విద్యార్థులారా, నొప్పిని దాచుట శౌర్యము కాదు. నేను దాచితిని, అందుచేతనే చెప్పుచున్నాను.