ల్యాగ్‌కు మందు పెద్ద ప్యాక్ కాదు, సరైన వంతు

రాత్రి తొమ్మిది దాటితే మన హాస్టల్లో ఏ గది ముందు నిలబడినా వినిపించే మాట ఒకటే: "ల్యాగ్ కొడుతుందిరా!" దాని వెనకే ఇంకో రెండు మాటలు వస్తాయి. ఒకటి, "ఈ సిమ్ మార్చేయాలి." రెండు, "ఎవడ్రా డౌన్‌లోడ్ పెట్టింది?" మొదటి మాట జేబుకు చిల్లు పెడుతుంది. రెండో మాట గదికీ గదికీ మధ్య లొల్లి పెడుతుంది. ల్యాగ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

బాత్రూం తలుపులు, మెస్ చార్జీలు వదిలేసి వార్షికోత్సవ సంచికలో సెల్‌ఫోన్ ఆటల గురించి రాయడమేమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. మేము ఆ సమస్యలను చిన్నవి అనడం లేదు. కానీ ఆటలో తూటా వెళ్లే లైను మీదే ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు వెళ్లాలి. ఈ-పాస్ దరఖాస్తు, మాక్ టెస్టు, ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ కూడా దాని మీదే వెళ్లాలి. ఆ లైనుకు జబ్బు చేస్తే ముందుగా కనిపెట్టేది ఆటగాడే. సెకనులో పదో వంతు ఆలస్యాన్ని కూడా అతని బొటనవేలు పసిగడుతుంది. అందుకే అతని గోలను గోలగా కొట్టిపారేయకుండా కొంచెం చెవిన పెట్టమని మా మనవి.

వేగం వేరు, ఆలస్యం వేరు

మనలో చాలామంది నెట్ అంటే వేగం ఒక్కటే అనుకుంటారు. ప్యాక్ పెద్దదైతే ఆట బాగా నడుస్తుందని నమ్ముతారు. వేగం అంటే సెకనుకు ఎంత సరుకు వస్తుందనే లెక్క. ఆటకు కావలసింది అది కాదు. మన ఫోన్ నుంచి ఒక చిన్న కబురు సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందన్నదే దానికి ముఖ్యం. దానినే పింగ్ అంటారు. సెకనును వెయ్యి భాగాలు చేసి మిల్లీసెకన్లలో కొలుస్తారు. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ ఈ కొలిచే ప్రోగ్రామ్ రాసి, నీటి అడుగున ఉన్నవాటిని వెతికే సోనార్ శబ్దాన్ని బట్టి ఆ పేరు పెట్టాడు. అలాంటి ప్రోగ్రామ్ ఈనాటికీ దాదాపు ప్రతి కంప్యూటర్‌లో ఉచితంగా ఉంది.

ఆటకు సరుకు చాలా తక్కువ. ఒక గంట ఆటకు సాధారణంగా పదుల ఎం.బి.లు సరిపోతాయి. అదే గంట హెచ్.డి. సినిమా చూస్తే ఒక జి.బి. పైమాటే. మరి సినిమా ఆగకుండా నడుస్తూ ఆట ఎందుకు ఆగుతుంది? సినిమా రాబోయే నిమిషం సరుకును ముందే తెచ్చి దాచుకుంటుంది. ఆటలో ఎదుటివాడు వచ్చే సెకనులో ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు కనుక దాచుకోవడానికి ఏమీ ఉండదు. కబురు ఆలస్యమైతే ఆలస్యమే. దారిలో పోతే పోయినట్టే. పింగ్ ఒకసారి 40, మరోసారి 200 అని గంతులేయడం ఇంకా చెడ్డది.

మన పూర్వ విద్యార్థి అన్నలకు ఈ సంగతి అనుభవమే. 2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కె.బి.పి.ఎస్. అని నిర్వచించింది. నేటి లెక్కలో అది నత్తనడక. అయినా ఆ రోజుల్లో నెట్ సెంటర్లలో పది కంప్యూటర్లు కలిపి కౌంటర్ స్ట్రైక్ ఆడితే ల్యాగ్ అన్న మాటే ఉండేది కాదు. కారణం, ఆ కబురు గది దాటి బయటికి పోయేది కాదు. వైరు మీద ఈ బల్ల నుంచి ఆ బల్లకు పోయేది. దూరం లేదు, మధ్యలో రద్దీ లేదు.

దూరం విషయం లెక్క కట్టి చూద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి ముంబయిలోని సర్వర్‌కు తీగ దారి 700 కి.మీ. అనుకుంటే, పోయి రావడానికి 7 మిల్లీసెకన్లు. 2002లో చెన్నైకీ సింగపూర్‌కూ మధ్య సముద్రం అడుగున వేసిన కేబుల్ సుమారు 3,200 కి.మీ. ఆ ఒక్క ముక్క దాటి రావడానికే 32 మిల్లీసెకన్లు. ఇది ప్రకృతి నియమం. ఏ రీఛార్జీ దీన్ని తగ్గించలేదు. కానీ మన హాస్టల్లో రాత్రిళ్లు కనిపించే 300, 400 అంకెలు దూరం వల్ల వచ్చేవి కావు. అవి క్యూ వల్ల వచ్చేవి.

నల్లా దగ్గర చెంబు, డ్రమ్ము

క్యూ గురించి హాస్టల్ విద్యార్థికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున నల్లా దగ్గర ఒకడు డ్రమ్ము పెట్టాడనుకోండి. వెనక చెంబుతో నిలబడిన వాడికి కావలసింది చెంబెడు నీళ్లే. అయినా డ్రమ్ము నిండే దాకా ఆగాల్సిందే. నల్లా ధార ఎంత పెద్దదైనా, ముందు ఇంకో పెద్ద డ్రమ్ము వచ్చి చేరితే చెంబు వాడి గతి అంతే.

రౌటర్‌లో జరిగేది అచ్చంగా ఇదే. ఒక ఫోన్ పెళ్లి ఫొటోలన్నీ బ్యాకప్ చేస్తుంటుంది. ఇంకో ఫోన్ రెండు జి.బి.ల అప్‌డేట్ దింపుతుంటుంది. ఆ డ్రమ్ముల వెనక ఆటగాడి చెంబు నిలబడుతుంది. ఇంజినీర్లు దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ అనే ఇద్దరు క్యూ పెరగకుండా చూసే కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. దాని మీద నిర్మించిన మరో పద్ధతి ఎవరి క్యూ వారికి వేరు చేసి, డ్రమ్ముల మధ్య చెంబులకు దారి ఇస్తుంది. అది 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లోకి ఎక్కింది. అంటే మన సమస్యకు మందు ఎప్పుడో తయారైంది. మన రౌటర్ దాకా ఎవరూ తేలేదు, అంతే.

జబ్బు ఎక్కడో ముందు తెలియాలి

సిమ్ మార్చే ముందు, ఎవరినో తిట్టే ముందు నాలుగు చోట్ల చూడాలి. వరుస తప్పకూడదు.

మొదటిది ఫోన్. ఆట తెర మూలన పింగ్ అంకె 40, 50 దగ్గర నిలకడగా ఉండి కూడా బొమ్మ తడబడుతుంటే అది నెట్ తప్పు కాదు. ఫోన్ బాగా వేడెక్కితే లోపలి ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. చార్జింగ్‌లో పెట్టి, పరుపు మీద పడుకుని ఆడితే జరిగేది అదే. చార్జర్ తీయాలి, కవర్ తీయాలి, గ్రాఫిక్స్ తగ్గించాలి, బ్యాటరీ సేవర్ ఆపాలి.

రెండోది ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య గాలి. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి రౌటర్ చిరునామా ఇవ్వాలి. చాలా రౌటర్లకు అది 192.168.1.1 లేదా 192.168.0.1. రౌటర్ ఉన్నది మన కప్పు కిందే కనుక జవాబు కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. అక్కడే 100, 150 అని వస్తుంటే బయటి కంపెనీని తిట్టి లాభం లేదు. మన హాస్టళ్లలో రౌటర్ ఆఫీసు గదిలో ఇనప బీరువా వెనక ఉంటుంది. గదుల్లో ఇనప మంచాలు, ట్రంకు పెట్టెలు. ఇనుము వైఫైకి గోడకన్నా పెద్ద అడ్డు. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానళ్లు 1, 6, 11 మూడే. చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, కానీ అది గోడలు దాటడం కష్టం. ఇంకో సంగతి: మూల గదిలో సిగ్నల్ అందీ అందని ఒక్క ఫోన్ ఉన్నా, అది తన కబురు నెమ్మదిగా పంపుతూ అందరి సమయాన్నీ తినేస్తుంది.

మూడోది బయటి లైను. అదే పద్ధతిలో 8.8.8.8 కు పింగ్ పెట్టి చూడాలి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పది గంటలకు ఒకసారి చూడాలి. పొద్దున 20 ఉన్నది రాత్రి 300 అయితే అక్కడ క్యూ ఉంది. ఆ క్యూ మనదా, కంపెనీదా అని తేల్చుకోవడం కూడా తేలికే. మన డౌన్‌లోడ్లు, బ్యాకప్‌లు ఐదు నిమిషాలు ఆపి మళ్లీ చూడాలి. అంకె తగ్గితే క్యూ మనది. తగ్గకపోతే వాళ్లది.

నాలుగోది ఆట సర్వర్. వేర్వేరు నెట్‌వర్క్‌ల మీద ఉన్న మిత్రులందరికీ ఒకేసారి ల్యాగ్ వస్తే తప్పు అక్కడే. ఆ రాత్రికి పుస్తకం తీయడమో, పడుకోవడమో ఉత్తమం.

మొబైల్ డేటా వాడేవారికీ ఇదే సూత్రం. నాలుగు గీతలు నిండుగా ఉన్నంత మాత్రాన టవర్ ఖాళీగా ఉన్నట్టు కాదు. గీతలు చెప్పేది సిగ్నల్ బలం, రద్దీ కాదు. ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగుతుంటే 4జీ మీద నిలిపి చూడాలి. ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ బదులు యు.ఎస్.బి. వైరుతో నెట్ ఇస్తే గాలిలో ఒక మెట్టు తగ్గుతుంది.

ఈ నాలుగు చోట్లా చూడకుండా డబ్బు పెట్టకండి తమ్ముళ్లూ! పింగ్ తగ్గిస్తామని చెప్పే బూస్టర్ యాప్‌లు దూరాన్ని తగ్గించలేవు, హాస్టల్ క్యూనూ తగ్గించలేవు. ఎప్పుడో ఒకసారి కంపెనీ చుట్టుదారిన పంపుతుంటే వీపీఎన్ దగ్గరి దారి చూపవచ్చు. ఎక్కువసార్లు అదే ఇంకో మజిలీ అవుతుంది. పైగా ఊరూ పేరూ తెలియని ఉచిత వీపీఎన్ చేతిలో మన కబుర్లన్నీ పెట్టడం క్షేమం కాదు. స్కాలర్‌షిప్ డబ్బుకు అంతకన్నా మంచి ఖర్చులు చాలా ఉన్నాయి.

ఆటలు ఆపేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న మేము తరచూ వింటుంటాం. వైఫైలో ఆటలన్నీ బ్లాక్ చేస్తే గొడవ వదులుతుందని కొందరి వాదన. చదువు మానేసి తెల్లవార్లూ ఆడేవారిని మేము వెనకేసుకురావడం లేదు. డబ్బు పందెం ఆటల సంగతి వేరు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం వాటిని నిషేధించింది, మంచిదే. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు కూడా ఇచ్చారు. కనుక ఆట అనగానే చెడు అలవాటు అనే రోజులు కావివి.

అంతకన్నా పెద్ద మాట ఒకటుంది. ఆటలు ఆపితే లైను ఖాళీ కాదు. లైనును తక్కువగా వాడేది ఆటే. చెంబు వాడిని గెంటేస్తే డ్రమ్ము ఖాళీ అవుతుందా? రేపు ఆ చెంబు స్థానంలో మన సీనియర్ వీడియో ఇంటర్వ్యూ ఉంటుంది. ఆటలో ఆలస్యమైతే ఒక రౌండ్ పోతుంది. ఇంటర్వ్యూలో మన జవాబు రెండు సెకన్లు ఆలస్యంగా చేరితే అవతల కూర్చున్నవారికి అది లైను తప్పుగా కనిపించదు, మన తడబాటుగా కనిపిస్తుంది. ఇంట్లో సొంత లైను ఉన్న పిల్లవాడికి ఈ బాధ లేదు. అందరికీ కలిపి ఒకే లైను ఉన్న మనకే ఉంది.

మేము కోరేది

ఒకటి, రౌటర్‌ను బీరువా వెనక నుంచి తీసి వరండా మధ్యలో ఎత్తుగా పెట్టాలి. ప్రతి అంతస్తుకూ ఒక వైరు లాగి, చివర ఒక యాక్సెస్ పాయింట్ పెట్టాలి. మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మన భవనానికి అది చాలు.

రెండు, క్యూను సరిచేసే పద్ధతి ఉన్న రౌటర్ వాడాలి. సెట్టింగుల్లో దాన్ని ఎస్.క్యూ.ఎం. అంటారు. లైను అసలు వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెడితే క్యూ మన చేతిలో ఉంటుంది. ఆ పది శాతం పోయినా చెంబుకూ డ్రమ్ముకూ ఎవరి వంతు వారికి అందుతుంది. ప్లాన్ రెట్టింపు చేయడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

మూడు, ఒక నోటు బుక్కు పెట్టాలి. రోజుకు మూడుసార్లు రౌటర్ పింగ్, బయటి పింగ్ రాయాలి. "నెట్ రావట్లేదు సార్" అని నోటితో చెబితే వార్డెన్ గారైనా, కంపెనీ వారైనా ఏం చేయగలరు? నెల రోజుల అంకెలు ముందు పెడితే కాదనడం ఎవరికీ తేలిక కాదు. మన మాటకు బలం మన లెక్కే.

నాలుగు, ఇది మన వంతు. అప్‌డేట్లు, బ్యాకప్‌లు అర్ధరాత్రి దాటాక పెట్టుకుందాం. వెబ్ ఆప్షన్ల చివరి రోజున, ఎవరికైనా ఇంటర్వ్యూ ఉన్న గంటలో డ్రమ్ములన్నీ ఆపుదాం. నోటీసు బోర్డు మీద ముందు రోజే రాసి పెడితే చాలు.

పూర్వ విద్యార్థి అన్నలారా! మీలో నెట్‌వర్క్ పని చేస్తున్నవారు ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పెద్ద ప్లాన్‌కు చందా ఇస్తామంటే సంతోషం. దానికన్నా ఒక ఆదివారం ఇక్కడ ఉండి, తమ్ముళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రౌటర్ సెట్టింగులు చేయించండి. ల్యాగ్ పోతుంది. నలుగురు కుర్రాళ్లకు పనీ వస్తుంది. అడిగి తీసుకున్న లైను ఏడాదితో అయిపోతుంది. నేర్చుకున్న పని వచ్చే బ్యాచ్‌కూ మిగులుతుంది.