డ్రోన్ ఉంది సరే, పని ఎన్నాళ్లు?

వీపున స్ప్రేయర్ తగిలించుకుని వరిచేలో మందు కొట్టే కూలీకి ఎకరా తడపాలంటే 150 నుంచి 200 లీటర్ల నీళ్లు కావాలి. డ్రోన్‌కు పది లీటర్లు చాలు, పని పది నిమిషాల్లో ముగుస్తుంది. బాపట్ల దగ్గరి కర్లపాలెం రైతుకు ఇందులో నష్టమేమీ లేదు. తేలాల్సింది ఆ డ్రోన్ ఎగరేసే మనిషి సంగతి.

2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన 'నమో డ్రోన్ దీదీ' పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలనుకుంది. రాయితీ 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు. పైలట్‌కు 15 రోజుల శిక్షణ. మరమ్మతు పనుల మీద ఆసక్తి ఉన్న మరొకరిని సహాయకులుగా తీర్చిదిద్దాలన్నారు. పథకంలో తెలివైన ముక్క ఇదే. పొలంగట్టున బ్యాటరీ మొరాయిస్తే పైలట్ చేయగలిగింది తక్కువ.

చిక్కు పంట కాలంతో వస్తుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువకు నీళ్లొదిలాక నాట్లు కాస్త అటూ ఇటూగా కలిసే పడతాయి. దోమపోటు వస్తే ఊరంతటికీ వస్తుంది. రోజుకు ఇరవై ఎకరాల చొప్పున వేసుకున్నా రెండు వారాల్లో ఒక డ్రోన్ తిరిగేది 280 ఎకరాలు. అంటే అదను మీద ఊళ్లో రెండు డ్రోన్లున్నా చాలవు, కోతలయ్యాక ఒక్కటి కూడా ఎక్కువే! ఏటా కనీసం లక్ష అదనపు ఆదాయమన్న పథకం అంచనా నిలబడాలంటే వరి తర్వాత తెనాలి వైపు మొక్కజొన్నకు, ఇసుక నేలల్లో వేరుశనగకు పైలట్ తరలివెళ్లాలి. సంఘానికో డ్రోన్ ఇచ్చి ఊరికి కట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

తీరం వెంబడి రొయ్యల చెరువులది మరో కథ. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక ఇక్కడ ఎన్నో పనులు పుట్టుకొచ్చాయి. ఏ ప్రణాళికా వాటిని ఊహించలేదు. రొయ్యపిల్లలో తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్, ఏరేటర్ల మెకానిక్, మేత మోతాదు చెప్పే కన్సల్టెంట్ అలా వచ్చినవారే. చెరువు మీదుండే మనిషి మేత వేసిన గంటా రెండు గంటలకు చెక్ ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూస్తాడు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజామున కరెంటు పోతే జనరేటర్ వేయాల్సిందీ అతనే. లక్షల పెట్టుబడి అతని చేతిలో ఉంటుంది. వృత్తి ఏమిటని అడిగితే మాత్రం 'చెరువు కాపలా' అంటాడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రైతు, ఎగుమతిదారు గోడు పత్రికలకెక్కింది. వీళ్ల ఊసు ఎక్కడ?

2030 నాటికి ప్రపంచంలో 17 కోట్ల కొత్త ఉద్యోగాలు పుడతాయని, 9.2 కోట్లు పోతాయని ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక అంచనా. అంత పెద్ద అంకె కర్లపాలెంలో ఎవరికీ దారి చూపదు. 2024లో మంగళగిరి, తుళ్లూరుల్లో రాష్ట్రం ప్రయోగాత్మకంగా చేపట్టిన నైపుణ్య గణన లాంటిది ఇక్కడికొస్తే చదువు కాలమ్‌తో ఆగకూడదు. ఏడాదిలో ఏ నెల ఏ పని, ఎన్ని రోజులు అని అడగాలి. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. ఏ పంటకు ఏ వారంలో మందు పడుతుందో చెప్పగలవారు అక్కడున్నారు. ఆ లెక్కా ఈ లెక్కా పక్కపక్కన పెడితే మండలానికి ఎందరు పైలట్లు, ఎందరు మెకానిక్‌లు కావాలో తేలుతుంది. శిక్షణ సీట్లు ఎన్నన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.