బల్లమీద పడుకోబెట్టి అడిగే ప్రశ్న

కొన్నాళ్ళ క్రిందట ఒక మధ్యాహ్నం పీలేరు ప్రాంతం నుంచి ఒక యువకుడు ఫోన్ చేశాడు. అతని తండ్రి నాకు పాత పరిచయం. టమోటా పండించే రైతు, అరవై దాటిన మనిషి, పద్దెనిమిదేళ్ళుగా మధుమేహం ఉంది. "సార్, మా నాయనకు యాంజియోగ్రామ్ చేసినారు. మూడు బ్లాకులంట. ఇప్పుడే స్టెంట్లు వేసేస్తాం, ఎల్లుండికి ఇంటికి పోవచ్చు అంటా ఉండారు. ఆపరేషనైతే రొమ్ము కొయ్యాలంట. సంతకం పెట్టమంటా ఉండారు, ఏం చేసేది సార్?" అన్నాడు. తండ్రి అప్పటికి ఇంకా క్యాథ్‌ల్యాబ్ బల్లమీదనే ఉన్నాడు. కొడుకు తలుపు బయట కాగితం పట్టుకొని నిలబడి ఉన్నాడు.

పదవీ విరమణ తరువాత ఇటువంటి ఫోన్లు నాకు తరచుగానే వస్తున్నాయి. గుండెపోటు నడుస్తున్న ఘడియ కానప్పుడు ఆ ప్రశ్నను ఆ తలుపు దగ్గర అడగకూడదన్నది నా అభిప్రాయం. ఆ అబ్బాయిని నేనడిగినది ఒక్కటే: "ఇప్పుడు నాయనకు నొప్పి ఉందా?" లేదన్నాడు. నడిస్తే ఆయాసం, గుండె బరువు, కూర్చుంటే సర్దుకొంటుంది. మూడు నెలలుగా ఇదే తీరు. "అయితే ఈ రోజు గొట్టం తీసేసి వార్డుకు పంపమని చెప్పు. సర్జనును కూడా ఒకసారి చూడమను" అన్నాను.

నేను చెప్పినది గుండెపోటుకు వర్తించదు. రక్తపుగడ్డ అడ్డుపడి హృద్ధమని, అంటే గుండెకండరానికి రక్తాన్ని అందించే నాళం, హఠాత్తుగా మూసుకుపోయినప్పుడు ప్రతి నిమిషమూ కొంత కండరం చచ్చిపోతుంటుంది. అప్పుడు ఆలోచనకు గడువు లేదు. ఆ నాళాన్ని వెంటనే తెరిచి స్టెంట్ వేయడమే ఉత్తమ చికిత్స. రెండు గంటల లోపల క్యాథ్‌ల్యాబ్ అందదనుకొంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ముందుగా ఇచ్చి, ఆ తరువాత పెద్ద ఆసుపత్రికి తరలించాలి. కుప్పం నుంచి తిరుపతికి దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడివారు ఇంజెక్షన్ లేకుండా తిన్నగా తిరుపతికి బయలుదేరితే దారిలోనే గుండెలో సగం పోగొట్టుకొంటారు. ఆ ఇంజెక్షన్ ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా ఇస్తున్నారు. దగ్గరి ఆసుపత్రిలో ముందు ఇ.సి.జి. తీయించుకోండి.

ఇక నిలకడగా ఉన్న రోగుల మాట. హృద్ధమనుల గోడలలో కొవ్వు, సున్నం చేరి ఫలకాలు ఏర్పడి మార్గం ఇరుకవుతుంది. ఇది ఒక్కరోజులో వచ్చినది కాదు; పదిహేను ఇరవై ఏళ్ళుగా పేరుకొన్నది. అందుచేత దానిని ఏం చేయాలన్న నిర్ణయానికి రెండు రోజులు తీసుకొన్నంత మాత్రాన సాధారణంగా కొంప మునగదు. మార్గాలు మూడు: మందులు, స్టెంట్, బైపాస్. మన ప్రాంతంలో వీటిని చిన్న వైద్యం, నడిమి వైద్యం, పెద్ద వైద్యం అన్నట్లు మెట్లుగా ఊహించుకొంటారు. "ముందు స్టెంట్ వేసి చూద్దాం, కుదరకపోతే ఆపరేషన్" అనే మాట అందుకే పుట్టింది. ఈ ఊహ తప్పు. ఏ రోగికి ఏది అన్నది పూడికలు ఎక్కడ ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, మధుమేహం ఉన్నదా, గుండె బలం ఎంత అనే వాటిని బట్టి ఉంటుంది.

స్టెంట్ ఒక చోటును బాగుచేస్తుంది. 1977లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ బుడగతో ఇరుకైన ధమనిని వెడల్పు చేసిన నాటి నుంచి ఈ విద్య ఎంతో ఎదిగింది. మందు పూసిన నేటి స్టెంట్లు నిజంగా మంచివి. ఒకటి రెండు చోట్ల పొట్టి పూడికలు ఉండి, మందులతో నొప్పి తగ్గని వారికి అది వరమే. అయితే మధుమేహ రోగి ధమనిలో జబ్బు ఒక చోట ఆగదు, నాళం పొడవునా పాకుతుంది. ఈ రోజు స్టెంట్ వేసిన చోటు బాగానే ఉండి, దానికి అంగుళం ఎగువన మూడేళ్ళకు కొత్త పూడిక వస్తుంది. బైపాస్‌లో సర్జను పూడికను ముట్టుకోడు. దానిని దాటి, దిగువన మంచి భాగానికి కొత్త నాళాన్ని అతుకుతాడు. ఎగువన రేపు వచ్చే పూడికలను కూడా ఆ కొత్త దారి ముందుగానే తప్పించేస్తుంది. మన చెరువు కాలువ నడుమ మట్టి పూడితే, పూడిక తీయకుండా పక్కనుంచి పిల్లకాలువ తవ్వి దిగువ మళ్ళకు నీరు పారించినట్లు. ఆ రైతుకు ఈ మాట చెప్పగానే అర్థమయింది.

ఆ కొత్త నాళం దేనితో చేస్తారన్నది కూడా ముఖ్యమే. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనె ఫావలోరో కాలి సిరను వాడి ఈ శస్త్రచికిత్సకు స్థిరమైన రూపమిచ్చారు. మనదేశంలో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో కె.ఎం. చెరియన్ తొలి బైపాస్ చేశారు. కాలి సిరలు పదేళ్ళలో సుమారు సగం మూసుకుపోతాయి. రొమ్ము ఎముక వెనుకనున్న ధమనిని గుండె ముందువైపు ప్రధాన నాళానికి అతికితే, పదేళ్ళ తరువాత కూడా నూటికి తొంభై వరకు తెరుచుకొనే ఉంటుంది. కనుక సర్జనును కలిసినప్పుడు "ఎన్ని గ్రాఫ్టులు?" అని అడగడంతో పాటు "రొమ్ము ధమని వాడుతున్నారా?" అని కూడా అడగండి.

2012లో వెలువడిన ఫ్రీడమ్ అధ్యయనం సరిగ్గా ఇటువంటి రోగుల మీదనే జరిగింది. మధుమేహంతో పాటు ఒకటికి మించిన ధమనులలో పూడికలున్న 1,900 మందిలో సగం మందికి స్టెంట్లు, సగం మందికి బైపాస్ నిర్ణయించి, ఐదేళ్ళ ఫలితాలు లెక్కగట్టారు. స్టెంట్ల వర్గంలో నూటికి 16 మంది, బైపాస్ వర్గంలో 11 మంది మరణించారు. పక్షవాతం మాత్రం బైపాస్ వర్గంలోనే ఎక్కువ: 2.4కు బదులు 5.2 శాతం. ఈ రెండవ అంకెను దాచి మొదటి అంకెను మాత్రమే చెప్పే సర్జనునూ నేను మెచ్చను. ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు నెలలు పడుతుంది. కాలి గాయం నొప్పి, వాపు కొన్నాళ్ళు వేధిస్తాయి. ముందుగా నిర్ణయించి చేసే ఆపరేషన్‌లో కూడా నూటికి ఒకరిద్దరికి ప్రాణాపాయం ఉంటుంది. ఇవన్నీ తెలిసిన మీదటనే, నేనే మధుమేహ రోగినై మూడు ధమనులు పూడి ఉంటే ఛాతీ తెరిపించుకోవడానికే ఒప్పుకొంటాను.

మందులు మాత్రమే చాలే వారు మనం అనుకొనే దానికంటే ఎక్కువ. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలో మనదేశపు రోగులతో సహా 5,179 మంది ఉన్నారు. అందరివీ నిలకడైన జబ్బులు. ఎడమ ప్రధాన ధమనిలో పూడికలున్న వారిని చేర్చుకోలేదు. ముందే స్టెంట్‌కో బైపాస్‌కో వెళ్ళినవారికి, మందులతో మొదలుపెట్టినవారికి నడుమ మరణాలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. నొప్పి బాధపెడుతున్న వారికి మాత్రం నాళాలు బాగుచేయించుకొంటే ఉపశమనం ఎక్కువగా దొరికింది. నొప్పే లేకుండా, మాస్టర్ చెకప్‌లో బయటపడ్డ 70 శాతం బ్లాకును చూసి హడలిపోయే వారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి బల్లమీదనే నిర్ణయం ఎందుకు జరుగుతోంది? దురాశ అనడం తేలిక. నేను పూర్తిగా ఒప్పుకోను. పూడికను కళ్ళారా చూసిన చేయి దానిని తెరవకుండా ఉండలేదు. తీగ లోపలే ఉంది, రోగి పడుకొనే ఉన్నాడు, మళ్ళీ ఇంకొకసారి గుచ్చడమెందుకు అనిపిస్తుంది. రోగి బంధువులు కూడా కోత లేని మార్గం కోసమే చూస్తుంటారు. ధర కూడా ఒకప్పటంత అడ్డంకి కాదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్‌కు 29,600 రూపాయల పరిమితి విధించింది; మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం స్టెంట్‌కూ బైపాస్‌కూ రెండింటికీ డబ్బు చెల్లిస్తున్నది. డబ్బు చెల్లించే ఆ పథకమే ఒక చిన్న షరతు పెట్టవచ్చును. గుండెపోటు కానప్పుడు, మధుమేహ రోగికి మూడు ధమనులలోనో, ఎవరికైనా ఎడమ ప్రధాన ధమనిలోనో పూడిక ఉంటే, అదే పూట స్టెంట్ వేయరాదు. గుండె సర్జను రోగిని చూసి సంతకంతో అభిప్రాయం వ్రాయాలి. అంతే. సర్జను లేని చోట సీడీ పంపితే చాలు. 1993 నుంచి తిరుపతిలో స్విమ్స్ ఉన్నది. చిత్తూరు వారికి వేలూరు సి.ఎం.సి. గంట ప్రయాణం. రెండవ అభిప్రాయానికి మనకు దిక్కులేక కాదు.

స్టెంట్ వేయించుకొన్న వారికి ఒక మాట. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలను మీ డాక్టరు చెప్పిన నెలల పాటు ఒక్కరోజు కూడా మానకండి. పన్ను పీకించుకోవడానికని తమంతట తామే మాత్రలు ఆపి, స్టెంట్ మూసుకుపోయి వచ్చిన వారిని నేను చూశాను. అందరినీ దక్కించుకోలేకపోయాము.

ఆ పీలేరు రైతుకు మూడు రోజుల తరువాత కార్డియాలజిస్టూ సర్జనూ కలిసి కూర్చొని బైపాస్ అన్నారు. అయింది. మొదటి నెలంతా దగ్గితే ప్రాణం పోయినట్లుండేదని, దిండు రొమ్ముకు అదుముకొని దగ్గేవాడినని చెప్పాడు. "మీ మాట విని కోయించుకొంటిని సార్" అని కొంచెం నిష్ఠూరంగానే అన్నాడు కూడా. ఇప్పుడు తోటలో తిరుగుతున్నాడు. సాయంత్రానికి కాలు కొద్దిగా వాస్తుంది. అలిపిరి మెట్లెక్కి కొండకు పోవాలని మొక్కుకొన్నాడట, ఎప్పుడు పోవచ్చునని అడిగాడు. 3,550 మెట్లు. ఇప్పటికి బస్సులో పోయి తల ఇచ్చి రమ్మన్నాను. ట్రెడ్‌మిల్ పరీక్ష చూసి నడక సంగతి మాట్లాడదామన్నాను.