ఓటరునకు పనికివచ్చు పనిముట్టు

సాఫ్టువేరు ఇంజనీర్లు కాగోరు మన బాలబాలికలు గ్రామ పంచాయతి ఎన్నికలను అల్పవిషయముగా నెంచుట తగదు. ఓటరునకు వారు చేయదగిన సహాయము మిక్కిలి కలదు. అయితే ఏది సహాయమో ముందు తెలియవలెను.

2018 డిసెంబరు శాసనసభ ఎన్నికలలో జాబితాయందు పేరులేక పలువురు ఓటువేయక మరలిరి. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పెను. పంచాయతి జాబితాయు శాసనసభ జాబితానుండియే తయారగును. పేరు పోయినదని పోలింగునాడు తెలిసిన ఫలమేమి? ముసాయిదా ప్రకటించినప్పుడే పేరును, వార్డును చూపి, లోపమున్నచో దరఖాస్తు విధమును చెప్పు పనిముట్టు కావలెను. అదియు చదువురానివారికి బిగ్గరగా వినిపింపవలెను. జనగామ వర్తకునికి చాలినది మహబూబాబాదు తండాలోని లంబాడి వృద్ధురాలికి గాని, భూపాలపల్లి అడవిపల్లెలోని కోయ కూలికి గాని చాలదు.

ఇది యిట్లుండ, 2020 జనవరి 22న హైదరాబాదు చెంతనున్న కొంపల్లి పురపాలక ఎన్నికలో, 10 పోలింగు కేంద్రములందు, ముఖమునుబట్టి ఓటరును గుర్తించు ఫోను యాప్‌ను రాష్ట్ర ఎన్నికల సంఘము పరీక్షించెను. యాప్ గుర్తింపకున్నను ఓటు నిరాకరింపబడదనిరి, మంచిదే. కాని యెండకు వాడిన ముఖమును పాత ఫోటోతో పోల్చి యంత్రము కాదనినప్పుడు, వరుసలో పదిమంది యెదుట నిలిచిన కూలికి కలుగు సిగ్గును ఎవరు తీర్తురు? హాజరుపట్టీలో పేరులేని పిల్లవాని ముఖము చూచిన ఉపాధ్యాయులకిది తెలియును. ఇట్టి పనికి పూనుకొనువాడు మొదట తండాకుపోయి, తాను చేసినదానిని అచటి అవ్వ చేతికిచ్చి, మాటాడక ప్రక్కన కూర్చుండి చూడవలెను.