దేశ ఇంటర్నెట్ పేర్లను చూసుకునే నిక్సీ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా,

తెనాలి నుంచి ఢిల్లీలో మా ఇంటికొచ్చిన అమ్మ ఫోనుకి మొన్న బ్యాంకు పేరుతో మెసేజ్ వచ్చింది, కేవైసీ ఆగిపోయిందట. కళ్లజోడు సవరించుకుని లింకు కూడబలుక్కుంది. "బ్యాంకు పేరు మొదట్లోనే ఉంది కదరా!" అంది. వెబ్ చిరునామాకి ఇంటిపేరు చివర్లో ఉంటుందమ్మా అన్నాను. మన ఇళ్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఆవిడ తప్పేముంది? తాళం బొమ్మా చూపించింది. ఆ తాళం దారికే గానీ, అవతలివాడి నిజాయితీకి కాదు.

రిజర్వ్ బ్యాంకు చెప్పిందని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసే చిరునామాలకి మారాల్సి వచ్చింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే, ఎవరు పడితే వారు కొనుక్కోలేరు. మంచి పనే. అమ్మకి మాత్రం ఆ కబురు నా నోటే తెలిసింది.

డాట్ ఇన్, తెలుగు లిపిలోని డాట్ భారత్, రెండూ మీ చేతిలోవే. చిరునామా ఏ చివర నుంచి చదవాలో తెలుగులో రెండు ముక్కలు రాయించి, పాస్‌బుక్ అట్ట మీద అచ్చేయమని బ్యాంకులకు చెప్పండి. అక్షరాలు కాస్త పెద్దవి వేయించండి.

ఇట్లు,
ఒక ఢిల్లీ తెలుగువాడు